దయ్యానికీ దొరసాని బొమ్మే కావాలా?

బెంగళూరులో మారతహళ్ళి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా తెలుగువాళ్ళున్న ఆఫీసు క్యాబుల్లో ఇప్పుడు ఒకటే ఆడియో కథ. విన్నవాడు విననివాడికి చెబుతున్నాడు, ఇద్దరూ కలిసి డ్రైవరుకి చెబుతున్నారు. ఆయనది చిత్తూరు, తెలుగు రావడమే ఆయన చేసుకున్న పాపం. కూర్గ్ కాఫీ తోటల మధ్య, పిలిస్తే పలికే దిక్కు లేనిచోట ఓ పాత బంగళా. దాని నిండా బొమ్మలు. అర్ధరాత్రి వాటికి ప్రాణం వస్తుంది. హీరోయిన్ ఒక్కతే ఉంటుంది, కరెంటు పోతుంది. తక్కినది మీకూ తెలుసు, కథ రాసినవాడికంటే ముందే తెలుసు.

దయ్యాల కథలతో నాకు పేచీ లేదు. నా పేచీ అంతా ఆ బొమ్మలతోనే. ప్రతిదానికీ బంగారు రంగు జుట్టు, నీలి కళ్ళు, లేసు కుట్టిన తెల్ల గౌను. బంగళా కూర్గ్‌లో, హీరోయిన్ పేరు లక్ష్మీప్రసన్న, దయ్యం తిట్టేది తెలుగులో. కానీ ఒళ్ళు మాత్రం దొరసానిది! ఆవహించడానికి ఆ దయ్యానికి ఒక్క తెలుగు బొమ్మ దొరకలేదా? బతికున్నన్నాళ్ళూ వీసా కోసం మొక్కుకున్నారు, సరే. చచ్చాక కూడా ఇదే యావా?

దీనికి శాస్త్రీయ కారణం ఉందని మా క్యాబులో ఓ డేటా సైంటిస్టు సెలవిచ్చాడు. 1970లో మసాహిరో మోరి అనే జపాన్ రోబో నిపుణుడు చెప్పాడట: బొమ్మకు మనిషి పోలికలు పెరిగేకొద్దీ ముచ్చటేస్తుంది, ఇంకొంచెముంటే అచ్చం మనిషే అనిపించేచోట మాత్రం ఒళ్ళు జలదరిస్తుంది. పింగాణీ మొహానిది ఆ చోటే. నిజమే కావచ్చు. హాలీవుడ్‌లో పేరుమోసిన దయ్యం బొమ్మ అనబెల్ కూడా అసలు ఉన్ని జుట్టు గుడ్డబొమ్మే, సినిమాకొచ్చేసరికి పింగాణీ మొహం తగిలించుకుంది. అంటే దయ్యాలకీ స్క్రీన్ టెస్టులున్నాయన్నమాట. మన కొండపల్లి బొమ్మను చూడండి. తెల్ల పొణికి కర్రతో ఒళ్ళు, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన ముద్దతో అతికించిన చేతులు, చెవుల దాకా సాగిన కళ్ళు. మనిషిలా కనబడాలన్న తాపత్రయమే దానికి లేదు. అందుకని దయ్యం ఉద్యోగానికి పనికిరాదట.

పనికిరాదా? చూద్దాం. బెల్లందూరులో పదో అంతస్తు, డబుల్ బెడ్‌రూమ్, దసరా కొలువు. రాత్రి పన్నెండయింది. మొదట ప్రాణం వచ్చేది తంజావూరు బొమ్మకి. కానీ ఆవిడ పగలంతా తలాడిస్తూనే ఉంటుంది కనక తేడా ఎవరికీ తెలియదు. (మా ఆఫీసులో ఇలాంటివాళ్ళు మేనేజర్లుగా ఉన్నారు.) తర్వాత కింది మెట్టు మీద పప్పుల కొట్టు పెట్టుకున్న చెట్టియారు కళ్ళు తెరిచి, అద్దె ఎంతని అడుగుతాడు. చెబుతారు. అడ్వాన్సెంత? పది నెలలది. అది విని చెట్టియారమ్మ అక్కడికక్కడే విరుచుకుపడిపోతుంది. ప్రాణం వచ్చిన బొమ్మకి వెంటనే ప్రాణం పోవడం దయ్యాల సాహిత్యంలో ఇదే మొదటిసారి అయ్యుంటుంది. అంబారీ ఏనుగు దాహమేసి వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పుతుంది. చుక్క రాదు, ట్యాంకరు తెల్లారాకే. మత్స్యావతారం కిటికీ దగ్గరికెళ్ళి చెరువు వైపు చూస్తుంది. 2017లో నీళ్ళకే నిప్పంటుకున్న చెరువది. చూసి, మారుమాట లేకుండా మళ్ళీ మెట్టెక్కి, ఈసారి ప్రళయమొచ్చినా నన్ను లేపొద్దని కూర్మానికి చెప్పి పడుకుంటుంది.

ఇంతలో లక్ష్మీప్రసన్న గదిలోంచి వస్తుంది. కెవ్వుమనదు. అమెరికా వాళ్ళతో కాల్ ఇంకా నడుస్తోంది. హాల్లో ఏనుగు అడ్డంగా ఉంటే, “కాస్త జరుగమ్మా” అని, దాని వెనకున్న ఛార్జరు తీసుకుని వెళ్ళిపోతుంది. పొద్దున్నే అపార్ట్‌మెంట్ గ్రూపులో కింది ఫ్లాటు ఆయన ఫిర్యాదు: అర్ధరాత్రి పైన అడుగుల చప్పుడు. కార్యదర్శి విచారణ. ఈ ఫ్లాటులో నమోదైనవారు ఇద్దరు, సీసీ కెమెరాలో కనిపించినవారు నలభై మంది. తలకింత చొప్పున నీటి ఛార్జీ కట్టవలెను, ఏనుగు ఇకమీదట సర్వీసు లిఫ్టే వాడవలెను. ఆ సాయంత్రానికల్లా బొమ్మలన్నీ మూకుమ్మడిగా ప్రాణం వదిలేసి అట్టపెట్టెలో పడుకుంటాయి. ఇప్పుడు చెప్పండి, ఎవరికి ఎవరంటే భయం?

పోనీ, నిర్జనమైన చోట బొమ్మలే కావాలంటే అంత దూరం కూర్గ్ దాకా ఎందుకు? మైసూరు దారిలో అరవై కిలోమీటర్లు వెళ్తే చన్నపట్న. కన్నడంలో గొంబెగళ ఊరు, బొమ్మల ఊరు. మన ఏటికొప్పాకలో వాడే అంకుడు కర్రే అక్కడా. గిర్రున తిరిగే కర్రకి లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి రంగు పట్టేస్తుంది, మొగలి ఆకుతో రుద్దితే మెరుపొస్తుంది. ఆ బొమ్మకి ఎక్కడా మొన తేలిన అంచుండదు, పసిపిల్లల చేతికి గుచ్చుకోకూడదని. ఆ దుకాణాలన్నీ పాత రోడ్డుకి అటూ ఇటూ ఉండేవి, మైసూరు వెళ్ళే ప్రతి కారూ వాటి ముందునుంచే పోయేది. 2023 మార్చిలో ఎక్స్‌ప్రెస్‌వే ప్రారంభించారు. బైపాస్ ఊరిని పక్కకి నెట్టేసింది, కార్లన్నీ అటు ఎక్కేశాయి.

రోడ్డు వద్దనడం లేదు నేను. కానీ వేసేటప్పుడు చేత్తో బొమ్మ చేసేవాడి కొట్టు ఏమవుతుందని ఎవరికీ పట్టలేదే! గంటన్నరలో మైసూరు చేరామని స్టేటస్ పెట్టుకునే పెద్దమనుషులారా, కలిసొచ్చిన ఆ టైములో ఏం చేశారు? ఫోనులో దయ్యం బొమ్మల కథ విన్నారు. చెక్కబొమ్మకి ప్రాణం పోసేవాడు ఊళ్ళో కూర్చుని ఉంటే, వాడి ప్రాణం మీదికి తెచ్చి, పింగాణీ బొమ్మ కనురెప్ప వాల్చిందని జడుసుకున్నారు. సిగ్గుండాలి!

అమెరికాలో ఫ్లోరిడాలోని కీ వెస్ట్‌లో, ఓ మ్యూజియంలో నావికుడి దుస్తులేసిన రాబర్ట్ అనే బొమ్మ ఉంది. అడక్కుండా ఫొటో తీస్తే అరిష్టమని నమ్మి, తీసినవాళ్ళు దానికి క్షమాపణ ఉత్తరాలు రాస్తారు. బొమ్మకి! ఇక్కడ బొమ్మ చేసినవాడు పెట్టుకున్న అర్జీకి జవాబు రాసే నాథుడు లేడు.

కథ విన్న ఊపులో మా క్యాబు బృందం కూర్గ్ వైపు ఓ పాత బంగళా బుక్ చేసింది, బొమ్మల గది ఉందని. ఖర్మకాలి నేనూ వెంటపడ్డాను. ఎవరికో టీ తాగాలనిపించి కారు పాత రోడ్డులోకి దిగింది. మన డేటా సైంటిస్టు ఓ కొట్లో చెక్క గుర్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, దాని మీద మోచెయ్యి ఆనించి ఫొటో దిగి, చివరికి ఓ గిలక్కాయ తీసుకున్నాడు. నూట యాభై అన్నాడు కొట్టాయన. “లాస్ట్ ఎంత?” అన్నాడు మనవాడు. పావుగంట బేరమాడి తొంభైకి సాధించాడు. ఆ రాత్రి బంగళాలో బ్యాటరీ బొమ్మ తల తిప్పి కన్ను గీటితే కెవ్వుమని అరిచి, దాన్ని ఆడించిన కుర్రాడికి ఐదొందలు టిప్పిచ్చాడు.