క్లచ్ పెడల్ గారి పాదపద్మములకు

మహారాజశ్రీ క్లచ్ పెడల్ గారికి, ఏడేళ్ళుగా తమ నెత్తిన ఎడమ కాలు మోపి బతుకుతున్న డ్రైవరు నమస్కరించి వ్రాయునది ఏమనగా: ఇక్కడ మేమంతా క్షేమం, మెడలు తప్ప. తమరి క్షేమం గురించి మెకానిక్ ఈమధ్యనే వివరంగా చెప్పాడు. ఆ వివరానికి బిల్లు కూడా ఇచ్చాడు. ఈ లేఖ రాయడానికి కారణం ఆ బిల్లే.

ముందు ఒక అన్యాయం సంగతి. గేర్లు వెన్నలా పడుతున్నాయంటే పేరంతా గేర్ రాడ్డుకే పోతుంది. దాని తలకి తోలు తొడుగు, నెత్తిన అంకెల ముగ్గు, నట్టనడుమ కూర్చుని పెళ్ళికొడుకులా వెలిగిపోతుంటుంది. సినిమాల్లో హీరో దాన్ని ఒక్క గుద్దు గుద్దితే కారు గాల్లోకి లేస్తుంది. (మా కారులో అలా గుద్దితే థర్డ్ బదులు ఫిఫ్త్‌లో పడి, బండి ఎక్కలేక మూలుగుతుంది.) తమరేమో కింద చీకట్లో నా చెప్పుల మట్టి మోసుకుంటూ, ఒంటి మీద రబ్బరు అరిగిపోయినా నోరెత్తరు.

నేర్చుకునే రోజుల్లో తమరి గొప్ప నాకు తెలియదు. డ్రైవింగ్ స్కూలు కారులో మాస్టారి కాలి కింద ఇంకో క్లచ్ ఉంటుందని కూడా తెలియదు. వారం తిరక్కుండానే గేర్లు సాఫీగా మార్చేస్తున్నానని ఇంట్లో చెప్పుకుని మురిసిపోయాను. పదిహేనో రోజున మాస్టారికి ఫోనొచ్చింది. ఆయన మాటల్లో పడి కాలు తీసేశారు. బండి కప్పలా రెండు గెంతులు గెంతి, నడిరోడ్డు మీద ఆగిపోయింది. అప్పటిదాకా నడిపిందెవరో ఆ క్షణంలో అర్థమైంది.

లైసెన్సు టెస్టు గురించి కూడా మనవి చేసుకోవాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 15వది చదివితే కళ్ళు చెమరుస్తాయి. నిటారైన ఎత్తు మీద బండి ఆపి, వెనక్కి జారకుండా మళ్ళీ కదిలించగలగాలని అందులో ఉంది. నా టెస్టు రోజున ఆ ఎత్తు మాట ఎవరూ ఎత్తలేదు. ఎనిమిది తిప్పించి ఇంటికి పంపేశారు. ఎత్తు మా అపార్ట్‌మెంటు సెల్లార్లో నా కోసం కాచుక్కూర్చుంది.

ఆ ర్యాంపు సరిగ్గా గేటు దగ్గర ముగుస్తుంది. రోడ్డు మీద ఎవరైనా వస్తుంటే ఆ ఏటవాలులోనే ఆగాలి. బ్రేకు మీంచి కాలు తీసి యాక్సిలరేటర్ అందుకునేలోపు బండి వెనక్కి జారుతుంది. వెనకాల నాలుగో అంతస్తువాళ్ళ కొత్త కారు. వాచ్‌మన్ భార్య పాపం రోజూ తొమ్మిదింటికి ఒక ఇటుక పట్టుకుని నిలబడేది. నేను ఆగగానే వెనక టైరు కింద పెట్టేది. ఇటుక పెట్టించుకుని ఆఫీసుకి బయలుదేరే మనిషిని ఈ కాలనీలో నేనొక్కణ్ణే. హ్యాండ్‌బ్రేక్ వేసి, ఫస్టులో తమర్ని మెల్లగా వదులుతూ, ఇంజను గొంతు మారి బానెట్ కాస్త తలెత్తిన చోట కాలు నిలిపి, అప్పుడు హ్యాండ్‌బ్రేక్ దించితే బండి అంగుళం కూడా జారదని ఆమే చెప్పింది. వాళ్ళాయన వెనకటికి ట్రాలీ నడిపేవాడట.

ఇంతకీ తమరి ఉద్యోగం ఎంత కష్టమో నాకు తెలిసిందాకా చెబుతాను. బండి నిలబడి ఉన్నా సరే, ఇంజను నిమిషానికి ఏడెనిమిది వందల చుట్లు తిరుగుతూ ఉండాల్సిందే, లేకపోతే దాని ప్రాణం పోతుంది. చక్రాలేమో కదలనని భీష్మించుకుని కూర్చుంటాయి. ఈ ఇద్దరి మధ్య రాయబారం తమరిది. ఇంజనుతో తిరిగే ఫ్లైవీలుకీ, దాని మీదికి నొక్కే ప్రెషర్ ప్లేటుకీ నడుమ ఆ గుండ్రటి పలచని ప్లేటు రాసుకుంటూ రాసుకుంటూ ఇద్దర్నీ ఒకే వేగానికి తెస్తుంది. ఆ రాపిడి రెండు క్షణాలైతే కాపురం, రెండు నిమిషాలైతే కాష్ఠం.

సెకండ్ నుంచి థర్డ్‌కి వెళ్ళేటప్పుడు కూడా అదే కథ. థర్డ్‌లో ఇంజను తక్కువ చుట్లు తిరిగితే చాలు. యాక్సిలరేటర్ వదిలాక చుట్లు దిగడానికి దానికి ఊపిరి తీసుకునేంత వ్యవధి కావాలి. అది ఇవ్వకుండా తమర్ని టక్కున వదిలేస్తే బండి ముందుకి ఉరుకుతుంది. మరీ తాత్సారం చేస్తే చుట్లు పడిపోయి, చక్రాలే ఇంజన్ని ఈడ్చాల్సొస్తుంది, బండి ముక్కు దించుతుంది. వెనక సీట్లో మా అత్తగారు మొదటి తప్పుకి వెనక్కి, రెండో తప్పుకి ముందుకి ఊగుతారు. అద్దంలో ఆవిడ తల చూసుకుంటే చాలు, వేరే మీటరు అక్కర్లేదు. థర్డ్ నుంచి సెకండ్‌కి దించేటప్పుడు లెక్క తిరగబడుతుంది. చుట్లు పెరగాలి కాబట్టి తమర్ని వదిలేముందు కుడికాలితో యాక్సిలరేటర్ని చిటికెడు తొక్కాలి. ఆ చిటికెడు నాకు ఇప్పటికీ గుప్పెడవుతోంది.

మా పెద్దనాన్న అంబాసిడర్‌కి స్టీరింగ్ పక్కన హ్యాండ్ గేరు ఉండేది. దాని ఫస్టుకి సింక్రో, అంటే గేర్ల వేగాలు కలిపే రింగు, లేదు. బండి కదులుతుండగా ఫస్టు వెయ్యాలంటే ఆయన తమర్ని రెండుసార్లు తొక్కేవారు, న్యూట్రల్లోకి ఒకసారి, మధ్యలో ఇంజన్ని కాస్త లేపి, గేర్లోకి ఇంకోసారి. కారు కర్రుమనేది కాదు. ఇప్పటి కార్లలో ముందు గేర్లన్నిటికీ సింక్రో రింగులు కూర్చుని ఆ సర్దుబాటు తామే చేసి పెడుతున్నాయి. ఇన్ని సౌకర్యాలు అమర్చాక కూడా నా చేతిలో గేరు కర్రుమంటుంది. తమర్ని సగమే తొక్కి రాడ్డు లాగుతానన్నమాట.

అసలు ఫిర్యాదు ఆవకాయ గురించి. బడులు తెరిచే ముందు ఆదివారం, విజయవాడ నుంచి హైదరాబాదుకి తిరుగు ప్రయాణం. మా ఆవిడ ఒళ్ళో జాడీ, మూతికి గుడ్డ కట్టి, పైదాకా నూనె. హైవే మీద టాప్ గేర్లో తమరి జోలికి పోయే పనే లేదు కాబట్టి చిల్లకల్లు దాటినా, సూర్యాపేట దాటినా చుక్క ఒలకలేదు. నా డ్రైవింగ్ చక్కబడిందని ఆవిడ ఒప్పుకుంది కూడా. పంతంగి టోల్‌గేటు దగ్గర కిలోమీటరు పొడుగునా కార్లు. ఫస్టు, ఆగు, ఫస్టు, ఆగు. నాలుగో జెర్కుకి గుడ్డ తడిసింది. తొమ్మిదో జెర్కుకి జాడీ నడుం మీంచి ఎర్రటి ధార జారి చీర కుచ్చిళ్ళలోకి, అక్కణ్ణుంచి సీటులోకి. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, ఎండాకాలం అద్దాలు మూస్తే మెంతిపిండి వాసన వస్తుంది. "ఏమండీ, జాడీ మీరు పట్టుకోండి, బండి నేను నడుపుతా" అందావిడ. ఆవిడకి డ్రైవింగ్ రాదు.

ఇంకో పాపం కూడా ఒప్పేసుకుంటాను. తిరుమల కొండకి ఎక్కేది 1974 నాటి దారి, దిగేది 1944 నాటి దారి. దిగేటప్పుడు పెట్రోలు కలిసొస్తుందని తమర్ని తొక్కిపట్టి బండిని జారనిచ్చాను. గేర్లో ఉంటే ఇంజనే సగం పగ్గం పట్టేది. ఆ పగ్గం నేనే విప్పేసి, భారమంతా బ్రేకుల మీద వేశాను. అలిపిరికి వచ్చేసరికి కారు చుట్టూ కాలిన వాసన. కర్పూరం వాసన కాబోలు అని మా అత్తగారు దణ్ణం పెట్టుకున్నారు.

ఇక మెకానిక్ షెడ్డు. బండి గుంజడం లేదని తీసుకెళ్ళాను. ఇంజను అరుస్తోంది, కారు కదలట్లేదు. అతను ఫోర్త్‌లో ఒక చక్కరు కొట్టొచ్చి, "సార్, మీ లెఫ్ట్ కాలు యాడ పెడ్తరు?" అన్నాడు.

"క్లచ్ పక్కన."

"పక్కన కాదు సార్, మీదనే."

గేర్‌బాక్సు దింపి ప్లేటు నా చేతిలో పెట్టాడు. గరుకుగా ఉండాల్సిన చోట గాజులా నునుపు. ఒకవైపు రివెట్ల తలలు బయటికొచ్చి గోరుకి తగులుతున్నాయి. ఫ్లైవీలు మీద నీలం మచ్చలు, మాడిన దోసె పెనం గుర్తొచ్చింది. ఊరికే కాలు ఆనించినా లోపల బేరింగు తిరుగుతూ అరుగుతుందట. కొంచెం గట్టిగా ఆనితే ప్లేటు కూడా జారుతుందట. సెట్టు మొత్తం మార్చాలె అన్నాడు. ఎడమ కాలు పెట్టుకోడానికి తమరి పక్కనే ఒక చదునైన మెట్టు ఉందని అతను చూపించేదాకా నాకు తెలియదు. అక్కడ నేను ఏడేళ్ళుగా గొడుగు పెట్టుకుంటున్నాను.

ఆటోమేటిక్ కొనుక్కుంటే తమరి పీడ విరగడవుతుందని స్నేహితులన్నారు. 2014 నుంచి మన చిన్న కార్లలోకి వచ్చిన ఏఎంటీ, అంటే గేర్లు తనే మార్చుకునే బండి, ఒకటి నడిపి చూశాను. పెడల్ లేదు. కానీ తమరి వంశం లోపల అలాగే ఉందట, కాలి బదులు ఒక యంత్రం ఆ క్లచ్‌ని తొక్కుతుందట. ఫస్టు నుంచి సెకండ్‌కి మారినప్పుడు మా అత్తగారి తల ముందుకి ఊగింది. "అచ్చం అల్లుడుగారు నడిపినట్టే ఉంది" అన్నారావిడ. నాకు చాలా సంతోషమేసింది. కారు మాత్రం కొనలేదు.

కొత్త సెట్టు పడింది. పాత ప్లేటు ఇంటికి తెచ్చి సబ్బుతో తోమాను, మా ఆవిడ దాన్ని వంటింటి గట్టు మీద జాడీకి కుదురు చేసింది. మధ్యలో బొడిపె ఉండటంతో జాడీ నిలకడగా కూర్చోదు, ముట్టుకుంటే ముందుకీ వెనక్కీ ఊగుతుంది. "ఇది ఇంకా మీ కాలి కిందే ఉన్నట్టుందండీ" అంటోంది ఆవిడ, నూనె తుడుచుకుంటూ.

ఇట్లు,
తమరి పక్క మెట్టు మీంచి గొడుగు తీసేసిన,
విధేయుడు