యూనిటరీ పేటెంట్ గారికి, నెల గడువులో ఇరుక్కున్నవాడి విన్నపం

అయ్యా యూనిటరీ పేటెంట్ గారూ,

హైదరాబాద్‌లో కూర్చుని మీ ఫైళ్లు మోసే పేటెంట్ గుమాస్తాను. మీరంటే యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఒకే పేటెంట్. 1975లో లగ్జెంబర్గ్‌లో మీ కోసం ఒప్పందం రాసుకున్నారు. అది అమల్లోకి రానే లేదు. చివరికి 2023 జూన్ 1న గడప తొక్కారు. మా ఊళ్లో ఫ్లైఓవర్‌కి కూడా అంత కాలం పట్టదు లెండి.

మీరొస్తే దేశానికో అనువాదం, దేశానికో వకీలు అనే తలనొప్పి పోతుందన్నారు. పోయింది, కాదనను. మొన్న బాలానగర్ నుంచి మా వాల్వుల క్లయింట్ ఫోన్ చేశాడు. "మ్యూనిక్‌లోని యూరోపియన్ పేటెంట్ ఆఫీసులో గ్రాంట్ వచ్చిందటగా సార్, ఇక టెన్షన్ లేనట్టే?" ఇప్పుడే మొదలైందండీ అన్నాను. మిమ్మల్ని అడగాలంటే గ్రాంట్ ప్రకటన వచ్చిన నెలలోపే అడగాలి. అడగడానికి ఫీజు లేదు, ఆలోచించే టైమూ లేదు.

ఆయన సరుకు పోయేది జర్మనీకి, ఫ్రాన్స్‌కి. మీరు పద్దెనిమిది దేశాల ఫుల్ మీల్స్. జనం ఎక్కువగా ఎంచుకునే నాలుగు దేశాల రెన్యువల్ ఫీజులు కూడి మీ ధర కట్టారు. రెండు కూరలు చాలన్నవాడికి నష్టం, పది కూరలు తినేవాడికి పండగ. పోనీ, పాత పద్ధతిలో అయితే సరుకు కదలని దేశంలో ఫీజు మానేసి ఖర్చు తగ్గించుకునేవాళ్లం. మీ దగ్గర అప్పడం వద్దన్నా బిల్లు తగ్గదు.

స్పెయిన్ మీ పెళ్లికి రానంది. అయినా మీకివ్వాల్సిన ఒక్క అనువాదాన్ని ఇంగ్లిష్ ఫైళ్లవాళ్లు ఎక్కువగా చేయిస్తున్నది స్పానిష్‌లోకే! స్పెయిన్‌లో విడిగా వాలిడేట్ చేయాలంటే, అంటే పేటెంటును అక్కడ అమల్లోకి తేవాలంటే, ఎలాగూ అదే కావాలి కదా. రాని చుట్టానికి శుభలేఖ, వచ్చిన చుట్టాలకు జిరాక్స్. పైగా ఆ అనువాదానికి చట్టపరంగా విలువ లేదని మీరే రాసుకున్నారు.

రొమేనియా 2024 సెప్టెంబర్ 1న చేరింది. ముందు రోజు రిజిస్టరైన పేటెంటుకి జీవితాంతం పదిహేడు దేశాలే, మర్నాటిదానికి పద్దెనిమిది. కొందరు తెలిసే ఆలస్యం చేశారు. ఇంత ముహూర్తాల పట్టింపు మా పంతులుగారికి కూడా లేదు.

అసలు భయం కోర్టుది. ఎవరైనా యూపీసీలో, అంటే మీ దేశాలన్నిటి ఉమ్మడి పేటెంట్ కోర్టులో, దావా వేసి గెలిస్తే, ఒక్క తీర్పుతో అన్ని దేశాల్లోనూ పేటెంట్ గల్లంతు. ఒకే తాళం, పద్దెనిమిది గదులు. దొంగకీ ఒకే తాళం చాలు. అందుకే పెద్ద పెద్ద మందుల కంపెనీలు పాత పద్ధతి పేటెంట్లను ఆ కోర్టు పరిధిలోంచి ఆప్ట్ అవుట్ చేసుకున్నాయి. ఆ సౌకర్యం పాత పద్ధతివాళ్లకే. మీతో తాళి కట్టించుకున్నవాడికి బయటికి దారి లేదు.

ఇవన్నీ ఎక్సెల్‌లో ఏడు నిలువు వరసలుగా వేసి పంపాను. ఆయన చూసి, "ఇంతకుముందు ఎన్ని దేశాలని ఒక్క మాటే అడిగేవారు కదా సార్" అన్నాడు. నాకు సమాధానం తోచలేదు. మీకేమైనా తోస్తే పదిహేను రోజుల్లో రాయండి, గడువు అంతే మిగిలింది.

ఇట్లు,
మీ వల్ల ఉద్యోగం గట్టిపడ్డ గుమాస్తా

తా.క. మాల్టాలో వాల్వులు కొనేవాళ్లెవరైనా తెలిస్తే చెప్పండి. అక్కడికీ డబ్బు కడుతున్నాం.