గ్రూపు తీసుకునే ముందు రెండు రోజులు చూడనివ్వండి

పదో తరగతి పరీక్షలు ఇంకా మొదలే కావు, ప్రైవేటు కాలేజీ పీఆర్వో ఇంటికొచ్చి కూర్చుంటాడు. ఇప్పుడే సీటు బుక్ చేసుకుంటే ఫీజు తగ్గిస్తామంటాడు. ఎంపీసీనా, బైపీసీనా అని అడిగితే నాన్న పిల్ల మొహం చూస్తాడు, పిల్లేమో గోడ మీది క్యాలెండర్ చూస్తుంది. పెళ్లి చీరకైతే నాలుగు షాపులు తిరుగుతాం, ఇది మాత్రం ఐదు నిమిషాల్లో తేల్చేస్తాం.

మేం అడిగేది పెద్దదేం కాదు. పరీక్షలయ్యాక ఇంటర్ కాలేజీలు తెరిచేదాకా బోలెడు సెలవులున్నాయి కదా, అందులో రెండు మూడు రోజులు ఏదో ఒక పని చేసేవాళ్ల వెంట పిల్లల్ని ఉండనివ్వండి. జాబ్ షాడోయింగ్ అంటున్నది దీన్నే. పని నేర్పక్కర్లేదు, చూడనిస్తే చాలు.

బైపీసీ అంటే ఎంబీబీఎస్ ఒక్కటే అనుకునే పిల్లను ఒక పొద్దున పశువుల ఆస్పత్రికి పంపండి. డాక్టరు భుజం దాకా ప్లాస్టిక్ గ్లౌజు తొడుక్కుని, గేదె చూడి కట్టిందో లేదో లోపల తడిమి చూస్తుంటారు, అది తోక విసిరితే పేడ వచ్చి చొక్కా మీద పడుతుంది, పక్కనున్న రైతు మాత్రం ఊపిరి బిగబట్టి ఆయన ఏమంటారా అని చూస్తుంటాడు. ఆ వాసనకు గేటు దాకా పరుగెత్తే పిల్లలుంటారు, ఇంకాస్త దగ్గరికి జరిగేవాళ్లూ ఉంటారు. పరుగెత్తినా నష్టం లేదు. రెండేళ్లు లాంగ్ టర్మ్ కోచింగ్ అయ్యాక తెలిసేకన్నా నయమే.

జపాన్‌లోని హ్యోగోలో 1998 నుంచే మన ఎనిమిదో తరగతి వయసు పిల్లలు ఐదు రోజులు దుకాణాల్లో, ఆస్పత్రుల్లో, పొలాల్లో గడుపుతున్నారు. మన 2020 జాతీయ విద్యా విధానమూ ఆరు నుంచి ఎనిమిది తరగతుల వాళ్లకు పది రోజులు బ్యాగు లేకుండా వడ్రంగి, కుమ్మరి లాంటి వాళ్ల దగ్గరికి వెళ్లమంది. బాగానే ఉంది, కానీ గ్రూపు టెన్షన్ పట్టుకునేది పదిలో.

డాక్టరుగారి అబ్బాయికి ఇది చిన్నప్పటి నుంచీ ఫ్రీగానే దొరుకుతోంది, అన్నం తింటూనే సగం తెలిసిపోతుంది. ఆటో డ్రైవరు కూతురు ఎవర్ని అడగాలి? అందుకే ఎవరి తిప్పలు వాళ్లు పడండని వదిలేయకుండా బడే ముందుకు రావాలి. హెడ్‌మాస్టరు స్వయంగా వెళ్లి అడిగితే బ్యాంకు మేనేజరు, సర్వేయరు, ఆడిటరు, బైక్ మెకానిక్ కాదంటారని మేం అనుకోవడం లేదు. పిల్లలతో టీలు మాత్రం తెప్పించుకోకూడదు, రోగి ఒప్పుకోకుండా గదిలోకి పంపకూడదు. ఇంకోమాట, దీనికి రికార్డు పెట్టి మార్కులు వేయకండి, అదీ జిరాక్స్ షాపులోనే తయారవుతుంది.

పరీక్షలయ్యాక బడి మొహం ఎవరూ చూడరు. కాబట్టి ప్రీఫైనల్స్ నాటికే మాట్లాడేసుకుని, ఎవరు ఏ రోజు ఎక్కడికి వెళ్లాలో రాసిన చీటీ హాల్ టికెట్‌తో పాటే చేతిలో పెట్టాలి.