బిళ్ళ వేరు, పని వేరు

ఆగస్టు వచ్చిందంటే అమెరికాలోని మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న. "మావాడు నైన్త్‌కి వెళ్తున్నాడు, ఏ క్లబ్బుల్లో చేర్పిస్తే మంచిది?" జవాబులు నిమిషాల్లో వచ్చి పడతాయి. వ్యాపారానికి డెకా, ఎఫ్‌బీఎల్‌ఏ, వైద్యానికి హోసా, మోడల్ యూఎన్, సైన్స్ ఒలింపియాడ్, సేవకు కీ క్లబ్, ఆపైన ఆనర్ సొసైటీలు: ఎన్‌హెచ్‌ఎస్ (నేషనల్ ఆనర్ సొసైటీ), లెక్కలకు మ్యూ ఆల్ఫా థీటా. వాడికి ఏది ఇష్టమో ఒక్కరూ అడగరు. ఎవరైనా అడిగినా "వాడికేం తెలుసండీ" అనేస్తారు.

ఆ జాబితాలో రెండు రకాల సరుకు కలిసిపోయి ఉంది. క్లబ్బు అంటే పిల్లలు పని చేసే చోటు. ఆనర్ సొసైటీ అంటే, చేసిన పనికి గుర్తింపుగా బిళ్ళ ఇచ్చే చోటు. బిళ్ళల కోసం మనం ఎంత పరుగెత్తిస్తున్నామంటే, పని జరిగే చోట నిలబడటానికి పిల్లలకు సాయంత్రాలు మిగలడం లేదు. నా ఫిర్యాదంతా అదే.

నేషనల్ ఆనర్ సొసైటీ సంగతే చూద్దాం. అమెరికా హైస్కూల్ ప్రిన్సిపాళ్ళ జాతీయ సంఘం 1921లో దీన్ని మొదలుపెట్టింది. చదువు, సేవ, నాయకత్వం, నడవడి అని నాలుగు స్తంభాలు పెట్టుకున్నారు. మార్కుల సగటు (జీపీఏ) కనీసం 3.0 ఉంటే చాలని జాతీయ నిబంధన. అంతకంటే పెంచుకునే స్వేచ్ఛ స్కూలుది. ఎంపిక ప్రిన్సిపాల్ నియమించిన ఐదుగురు టీచర్ల చేతిలో ఉంటుంది. ప్రవేశం రోజున కొవ్వొత్తులు వెలిగించి ప్రమాణం చేయిస్తారు. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలు ముందు వరసలో కూర్చుని వీడియో తీస్తారు. ముచ్చటగానే ఉంటుంది, కాదనను.

కాకపోతే అందులో నాలుగో స్తంభం కొలతకు లొంగేది కాదు. 1998లో కెంటకీలో ఇద్దరు అమ్మాయిలకు మార్కులన్నీ ఉన్నా, పెళ్ళి కాకుండా తల్లులవుతున్నారని ఆ ఊరి స్కూల్లోని సొసైటీ శాఖ చోటు ఇవ్వలేదు. వాళ్ళు కోర్టుకెక్కితే, చేర్చుకోండని ఫెడరల్ జడ్జి ఆదేశించాల్సి వచ్చింది. పిల్లల నడవడికి ఐదుగురు పెద్దలు మార్కులు వేయబోతే ఇలాంటివి తప్పవు. మన ఇళ్ళలో మాత్రం ఎన్‌హెచ్‌ఎస్ రాకపోతే పిల్లలోనే ఏదో లోపం ఉన్నట్టు వారం రోజులు భోజనాల దగ్గర మాటలుండవు.

ఒకటితో ఆగితే ఇంత రాసేవాణ్ణి కాదు. లెక్కలకొకటి, సైన్సుకొకటి, ఇంగ్లీషుకొకటి, సంగీతానికొకటి, స్పానిష్‌కొకటి ఉన్నాయి. ఇంట్లో తెలుగులో రెండు వాక్యాలు తడబడకుండా చెప్పలేని పిల్లాడు స్పానిష్ ఆనర్ సొసైటీలో సభ్యుడు. ఒక్కో సొసైటీకి చందా, నెలవారీ మీటింగు, ఇన్ని ట్యూటరింగ్ గంటలని షరతు. ఐదింట్లో ఉన్న పిల్ల అదే లైబ్రరీలో అదే బల్ల దగ్గర కూర్చుని, సోమవారం ఒక సొసైటీ ఖాతాలో, మంగళవారం ఇంకో సొసైటీ ఖాతాలో గంటలు రాసుకుంటుంది. ఇంతా చేసి ఆ బిళ్ళ చెప్పేది మార్కులు బాగున్నాయని. ఆ మాట ట్రాన్స్‌క్రిప్ట్, అంటే మార్కుల జాబితా, ఎప్పుడో చెప్పేసింది.

కాలేజీ అప్లికేషన్ కోసమేగా ఇదంతా అంటారు. సరే, అదే తెరిచి చూడండి. చాలా కాలేజీలకు ఒకటే ఫారం అయిన కామన్ యాప్‌లో యాక్టివిటీలకు పది గళ్ళు. ఒక్కోదాంట్లో ఏం చేశారో చెప్పడానికి 150 అక్షరాలు, అవీ ఖాళీలతో కలిపి. ఆనర్స్‌కి వేరే ఐదు గళ్ళున్నాయి. ఎంఐటీ తన సొంత ఫారంలో అడిగేది నాలుగే యాక్టివిటీలు. సంఖ్య కాదు, లోతు చూడండని హార్వర్డ్ విద్యా విభాగం నుంచి 2016లో ఒక నివేదికే వచ్చింది. అప్పుడు దాన్ని మన గ్రూపుల్లోనూ ఫార్వర్డ్ చేసుకున్నాం, చదివామో లేదో గాని.

మన వైపు నుంచి ఆలోచిస్తే ఈ ఆరాటం ఎక్కడిదో తెలుస్తుంది. విజయవాడలోనో హైదరాబాదులోనో పొద్దున ఐదింటికి స్టడీ అవర్‌తో మొదలై రాత్రి పదకొండుకి ముగిసే హాస్టళ్ళలో ఇంటర్ చదివి, ఎంసెట్ ర్యాంకు పుణ్యమా అని ఇక్కడిదాకా వచ్చినవాళ్ళం. క్లబ్బు లాంటిదేమైనా ఉందంటే ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్. వాటిలో చేరినవాళ్ళలోనూ చాలామంది సర్టిఫికెట్ కోసమే చేరారు. అందుకని యాక్టివిటీ అనగానే అది ఇంకో సబ్జెక్టు, దానికీ ఎక్కడో మార్కుల మొత్తం ఉండే ఉంటుందని మనసు లెక్క కట్టేస్తుంది. అలాంటి మొత్తం ఎక్కడా లేదని నమ్మడానికి మనకు ధైర్యం చాలదు.

పూర్తిగా మన భ్రమేనని కూడా అనలేను. టెక్సాస్‌లో ఉన్నవాళ్ళకు తెలుసు. 1997 నాటి చట్టం ప్రకారం క్లాసులో పై ర్యాంకుల్లో ఉంటే ప్రభుత్వ యూనివర్సిటీలో సీటు దానంతటదే వస్తుంది, క్లబ్బులతో పనిలేదు. కానీ ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలో సీటు ఖాయమైనంత మాత్రాన కంప్యూటర్ సైన్స్ ఖాయం కాదు. అక్కడ మళ్ళీ రెజ్యూమే బయటికి తీయాల్సిందే. తల్లిదండ్రుల భయానికి ఆధారం ఉంది. దానికి వేసుకుంటున్న మందే తప్పు.

పని జరిగే చోటు ఎలా ఉంటుందో చెప్పాలంటే సైన్స్ ఒలింపియాడ్ చూపిస్తాను. జట్టుకు 15 మంది, పోటీలు 23. ఎక్కువ అంశాల్లో ఇద్దరిద్దరు దిగాలి. అంటే ఒక్కొక్కరు మూడు, నాలుగు మోయక తప్పదు. హైస్కూల్ జట్టులో పన్నెండో తరగతి వాళ్ళు ఏడుగురికి మించకూడదని నియమం, కాబట్టి చిన్న క్లాసుల వాళ్ళకు నేర్పకపోతే జట్టే నిలబడదు. ఒకే సమయంలో రెండు పోటీలు పడ్డ పిల్లను ఎటు పంపాలో తేల్చడం, జిగురు ఆరని మోడల్‌ని తెల్లవారుజామున కారు వెనక సీట్లో ఒళ్ళో పెట్టుకుని పోటీకి తీసుకెళ్ళడం, జట్టులో చోటు దక్కని స్నేహితుడికి ఆ మాట ముఖం చూస్తూ చెప్పడం, ఇవన్నీ కెప్టెన్ పని. వీటిలో ఏ ఒక్కటీ 150 అక్షరాల్లో పట్టదు. నాయకత్వం అని స్తంభాల మీద రాసుకున్నది నిజంగా నేర్పేది ఈ గొడవలే.

బిళ్ళ కూడా పనిలోంచే పుట్టే సొసైటీ ఒకటి ఉంది, దాని పేరు మన ఇళ్ళలో వినిపించేది తక్కువ. నాటకాల పిల్లల కోసం 1929లో పుట్టిన ఇంటర్నేషనల్ థెస్పియన్ సొసైటీ. అందులో చేరాలంటే పది పాయింట్లు కావాలి, పాయింటుకి ఉజ్జాయింపుగా పది గంటల పని. వేషం వేసినవాడికే కాదు, తెర వెనక చెక్కలకు మేకులు కొట్టినవాడికీ, లైట్లు చూసినవాడికీ పాయింట్లు వస్తాయి. నూరు గంటలు ఒళ్ళు వంచాకే బిళ్ళ. సురభి వాళ్ళ నాటకాలు చూస్తూ పెరిగిన మన పెద్దలకు తెర వెనక పని విలువ విడమర్చి చెప్పనక్కర్లేదు. అయినా "డ్రామాలో చేరితే ఏమొస్తుంది" అనే మాట మన దగ్గరే ఎక్కువ.

ఇక 'ఫౌండర్ అండ్ ప్రెసిడెంట్' జబ్బు. ఈ దేశంలో విద్యార్థులు క్లబ్బు పెట్టుకోవడానికి చట్టమే అండగా ఉంది. 1984 నాటి ఈక్వల్ యాక్సెస్ చట్టం ప్రకారం, పాఠాలతో సంబంధం లేని ఒక్క క్లబ్బుకి చోటిచ్చినా ఆ ప్రభుత్వ హైస్కూలు మతం, రాజకీయం, అభిప్రాయం పేరుతో మరో క్లబ్బుని కాదనకూడదు. నెబ్రాస్కాలో ఒక విద్యార్థిని క్రైస్తవ క్లబ్బు కోసం వేసిన కేసులో 1990లో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని నిలబెట్టింది. తెలుగు క్లబ్బు పెట్టుకున్నా ఈ అండ ఉంటుంది. ఇంత మంచి హక్కుని మనం వాడుతున్న తీరు చూడండి. లెవెన్త్‌లో క్లబ్బు పుడుతుంది, లోగో వస్తుంది, ఇన్‌స్టాగ్రామ్ పేజీ వస్తుంది, సభ్యులంతా ప్రెసిడెంట్ స్నేహితులు. అడ్మిషన్ వచ్చిన నెలలో పేజీ ఆగిపోతుంది. క్లబ్బు పెట్టినవాడు వెళ్ళిపోయిన ఏడాది అక్కడ ఎవరైనా మీటింగు పెట్టారా అని అడిగితే చాలు, ఎంతటి క్లబ్బో తెలిసిపోతుంది.

ఇందులో మన తెలుగు సంఘం పాత్రా ఉంది. పిల్లలు ఇన్ని గంటలు సేవ చేశారని లెటర్లు ఇచ్చేది మనమే కదా. పోయిన ఉగాదికి భోజనాల వైపు ఒక అమ్మాయి ఉంది. పులిహోర ట్రేల రేకు మూతల మీద మార్కర్‌తో 'వేరుశనగ ఉంది' అని రాసింది, ట్రేల కింద మంట ఆరిపోయిన స్టెర్నో డబ్బాలు మార్చింది, పెద్దవాళ్ళకు ప్లేట్లు కుర్చీల దగ్గరికే తీసుకెళ్ళింది, ఆఖరికి పచ్చడి కప్పులు నిండిన చెత్త సంచులు కట్టి బయటికి మోసింది. ఇంకో అబ్బాయి వచ్చి వాలంటీర్ టీషర్టు వేసుకుని, ఫొటో దిగి, గ్రీన్‌రూమ్ బయట ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. ఇద్దరికీ లెటర్లలో ఒకే అంకె. "మావాడికి ఎస్‌ఏటీ పరీక్ష ఉండి రాలేకపోయాడన్నా, ఇంటి దగ్గర ఫ్లయర్ చూసిపెట్టాడు, ఓ ఎనిమిది గంటలు వేసెయ్యరాదూ" అని పార్కింగ్ లాట్‌లో పట్టుకునేవాళ్ళు సరేసరి. చెత్త మోసిన అమ్మాయి ఇదంతా చూస్తోంది. మనం ఏం నేర్పుతున్నామో ఆమెకు అర్థం కాదనుకోవద్దు.

నేనడిగేది పెద్ద సంస్కరణేం కాదు. గంటల కాగితం మీద సంతకం అధ్యక్షుడు గారు కాకుండా, ఆ రోజు వంటశాలో, పార్కింగో, సౌండో చూసుకున్న మనిషి పెట్టాలి, అదీ ఆ రాత్రే. పని చేసిన చోటు, చేసిన పని లెటర్లో ఉండాలి. ఏటా పెరిగిపోతున్న యూత్ వైస్ ప్రెసిడెంట్ పదవులు తీసేయాలి. వాటి బదులు పిల్లల కార్యక్రమం మొత్తం వాళ్ళ చేతికిచ్చి, 500 డాలర్ల బడ్జెట్ ఇచ్చి, బిల్లులు అడగాలి. హాలు బుకింగ్‌కి ఆలస్యంగా ఫోన్ చేసి చీవాట్లు తింటారు, తిననివ్వండి.

దసరా కమిటీ మీటింగులో ఇది తీర్మానంగా పెడుతున్నాను. నెగ్గుతుందన్న ఆశ పెద్దగా లేదు. కమిటీలో సగంమంది పిల్లలు ఈ ఏడు లెవెన్త్‌లో ఉన్నారు.