రెండు సర్వర్లు, రెండు తూకాలు

కోవూరు దగ్గర ఒక రైస్ మిల్లు. కాటా గదిలో ప్రధాన సర్వర్, నెల్లూరు ఆఫీసులో దాని నకలు. బిల్లులు మిల్లులో తీస్తారు, నెలవారీ లెక్కలు నెల్లూరులో చూస్తారు. రెండేళ్ల కిందటి ఒక ధాన్యం లోడుకు మళ్లీ బిల్లు తీస్తే 5234 కిలోలు వచ్చింది. నెల్లూరు లెక్కలో అదే లోడు 4210. అందరి చూపూ గుమాస్తా మీద పడింది. డేటాబేస్ బాధ్యత నాది కాబట్టి తేడా కట్టి చూశాను: సరిగ్గా 1024. మనిషి పొరబడితే 4210ని 4120 అని రాస్తాడు. 1024 అంటే బైనరీలో, అంటే కంప్యూటర్ వాడే సున్నా-ఒకట్ల లెక్కలో, ఒకే ఒక్క బిట్టు. డిస్కులో ఎక్కడో ఒక సున్నా ఒకటైంది.

రెండు సర్వర్లూ ఏ లోపమూ లేనట్టే జవాబిచ్చాయి. ఏది నిజమో తేల్చింది ఇనుప చువ్వకు గుచ్చి ఉన్న కాటా చీటీ. అందులో 4210 ఉంది.

నకలు ఉంటే డేటా భద్రమని మన దగ్గర గట్టి నమ్మకం. యంత్రం కాలిపోతే నకలు ఆదుకుంటుంది, నిజమే. ఫైలు లోలోపల చెడితే? మేం వాడే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్. అందులో ప్రధాన సర్వర్ నకలుకు పంపేది ఫైళ్లను కాదు, మార్పుల చిట్టాను. చిట్టా వెళ్లిపోయాక డిస్కు చేసిన పాడు అందులో ఉండదు. అందుకే నెల్లూరు అంకె చెడలేదు. అదీ అదృష్టమే. పోస్ట్‌గ్రెస్ పద్దులను పేజీలనే ముక్కల్లో దాస్తుంది. మార్పులన్నీ డిస్కుకు చేరాయని నిర్ధారించుకునే ఘట్టం చెక్‌పాయింట్. దాని తర్వాత ఒక పేజీని మొదటిసారి మార్చినప్పుడు పోస్ట్‌గ్రెస్ ఆ పేజీ మొత్తాన్నీ చిట్టాలోకి ఎక్కిస్తుంది. చెడిన పేజీలో ఎవరైనా ఇంకో పద్దు దిద్ది ఉంటే, నెల్లూరు సర్వర్ తన మంచి పేజీ మీద ఆ చెడ్డదాన్ని బుద్ధిగా రాసుకునేది. అప్పుడు రెండూ ఒకే అబద్ధం చెప్పేవి.

దీనికి విరుగుడు చెక్‌సమ్. ప్రతి 8 కేబీ పేజీకి, అందులో ఉన్నదాన్ని బట్టి లెక్కకట్టిన 16 బిట్ల గుర్తు. పేజీ చెడితే గుర్తు సరిపోలదు. 2013లో, పోస్ట్‌గ్రెస్ 9.3 వెర్షన్‌లోనే వచ్చింది. అయినా అడగకుండానే అమలయ్యేది 2025లో వచ్చిన 18వ వెర్షన్ నుంచే. మాది అంతకు ముందుది. అడగాల్సింది నేను, అడగలేదు. 12వ వెర్షన్ నుంచి సర్వర్ ఆపి తర్వాతయినా పెట్టుకోవచ్చు.

పెట్టినంత మాత్రాన పని అయిపోదు. డిస్కు నుంచి పేజీని చదివినప్పుడే చెక్‌సమ్ సరిచూస్తారు. ధాన్యం కొనేవారు పై వరుస బస్తాల్లోనే గొట్టం గుచ్చి గింజలు చూస్తే అడుగు బస్తాల బూజు ఎలా తెలుస్తుంది? పాత పద్దులన్నీ అడుగు బస్తాలే. పనిగట్టుకుని చదివించాలి, ఏ సర్వర్‌కు ఆ సర్వర్‌ను విడిగా. బ్యాకప్ తీసే సాధనం పీజీ డంప్ పట్టికలను చదువుతుంది కానీ ఇండెక్సులను, అంటే పద్దులను త్వరగా వెతికిపెట్టే సూచికలను, ముట్టదు. వాటిని సరిచూడటానికి ఆమ్‌చెక్ అనే ఇంకో సాధనం కావాలి. ఇంకో తిరకాసు: పేర్లను ఏ వరుసలో పేర్చాలో పోస్ట్‌గ్రెస్‌కు చెప్పేది లైనక్స్‌లోని జీలిబ్‌సీ అనే లైబ్రరీ. 2018లో దాని 2.28 వెర్షన్ ఆ అక్షరక్రమాన్ని మార్చింది. రెండు సర్వర్లలో లైనక్స్ వెర్షన్లు వేరైతే, ఏ బిట్టూ చెడకుండానే నకలులో పేర్ల ఇండెక్స్ తప్పుతుంది. చెక్‌సమ్‌కు అది కనిపించదు.

ఇదంతా ఖర్చని యజమాని గొణిగారు. ఇప్పుడు కాటా ఆగే ఆదివారం నకలును ఆపి, పేజీలన్నిటి చెక్‌సమ్‌లనూ సరిచూసే పీజీ చెక్‌సమ్స్ సాధనాన్ని నడుపుతున్నాం. పాత చీటీలు తూకానికి అమ్మేద్దామని మొన్న ఆయన అంటే, ఇంకో ఏడాది ఉంచమన్నాను.