తోడి గాంధారం పక్కన సెల్లో

విశాఖపట్నం కళాభారతి ఆవరణలో, సాధన ముగిసిన తరువాత జరిగిన వాదం ఇది. ఒకరు నలభై ఏళ్లుగా పద్యనాటకాలకు హార్మోనియం వాయిస్తున్న మేష్టారు. మరొకరు ఆయన దగ్గరే స్వరజ్ఞానం సంపాదించి, ఇప్పుడు తెలుగులో ఒపేరా, అంటే కథంతా పాటగా నడిచే పాశ్చాత్య సంగీతనాటకం, కడుతున్న యువతి. వేటకు వెళ్లి తిరిగిరాని భర్త కోసం ఒడ్డున ఎదురుచూసే జాలరి స్త్రీ కథకు ఆమె తోడి రాగాన్ని ఎంచుకొని, దాని వెనుక వయొలిన్లూ, వాటికంటే పెద్దవై మంద్రంగా పలికే సెల్లోలూ కలిసి పలికే కార్డులు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపులు, పెట్టింది. తగవు అక్కడే.

మేష్టారు: అమ్మా, తోడి గాంధారం, ఆ ‘గ’ స్వరం, ఒకచోట నిలబడదు, ఊగుతూ ఉంటేనే అది తోడి. నీ సెల్లో అదే స్థానాన్ని కదలకుండా పట్టుకొని కూర్చుంటే, గాయని తప్పు పాడినట్టు వినిపిస్తుంది.

స్వరకర్త: మేష్టారూ, మీ హార్మోనియం మెట్టు కూడా కదలదు కదండీ. గమకం, అంటే స్వరంలోని ఆ ఊపు, పలకదనే అభియోగంతోనే 1940లో ఆకాశవాణి దానిని నిషేధించింది. మూడు దశాబ్దాలు గడిస్తే గాని ఆ నిషేధం సడలలేదు.

మేష్టారు: నిజమే, కాదనను. అయితే నా పెట్టె ఎప్పుడు పలుకుతుందో కూడా చూడు. నటుడు పద్యం ఎత్తుకున్నప్పుడు శ్రుతి పట్టుకొని ఊరుకుంటాను. పాదం విరిచిన చోట, ఆయన ఊపిరి తీసుకునేంతసేపు, స్వరం అందిస్తాను. వేలు ఎక్కడ తీయాలో తెలుసుకోవడానికే నాకు పదేళ్లు పట్టింది.

స్వరకర్త: ఒపేరా పుట్టిందీ ఆ పట్టింపుతోనే. అనేక గొంతులు అల్లుకొని పాడే పద్ధతిలో మాట మునిగిపోతోందని ఇటలీలోని ఫ్లోరెన్సులో కొందరు పండితులు బాధపడి, ప్రాచీన గ్రీకు నాటకాన్ని తిరిగి నిలబెడుతున్నామనుకొని, ఒక్క గొంతు వెనుక పలచని వాద్యం పెట్టి సంభాషణనే పాటగా నడిపించారు. స్వరకర్తలు పెరీ 1600లో ప్రదర్శించిన ‘యురిడీచే’, మాంటెవెర్డీ 1607లో మాంటువాలో ఆడించిన ‘ఓర్ఫెయో’ ఆ దారిలోవే. మన యక్షగానంలో సంధివచనమనే వచనం కథను నడిపి దరువు అనే పాటకు దారి ఇచ్చినట్టే, అక్కడా సగం మాటగా సాగే పాట కథను నడుపుతుంది. భావం నిండినచోట ఆరియా అనే నిండు పాట అందుకుంటుంది.

మేష్టారు: మాట మునగకూడదని మొదలైన కళ అంటున్నావు. మరి నీ మూడో రంగంలో ‘వల’కూ ‘అల’కూ నాకు తేడా తెలియలేదే! మన మాటలు అచ్చుతో ముగుస్తాయి కనుక సాగదీయడానికి అనువైనవే కాని, వాద్యాల హోరులో ముందు పోయేది హల్లే.

స్వరకర్త: ఆ పొరపాటు నాదే, సరిదిద్దుతాను. కాని పద్యం చివర మీవాళ్లు తీసే రాగం నిమిషాల తరబడి సాగినప్పుడు మాట ఎవరికి గుర్తుంటుంది? వన్స్ మోర్ అనగానే శ్రీకృష్ణుడు రాయబారం ఆపి అదే పద్యం మళ్లీ ఎత్తుకుంటే, కౌరవసభ ఏమైనట్టు?

మేష్టారు: సభ వేచి ఉంటుంది. ప్రేక్షకుడికి కథ ముందే తెలుసు. అతడు వచ్చింది గొంతు కోసం. నీ జాలరి స్త్రీకి ఏమవుతుందో ఎవరికీ తెలియదు, కనుక నీకు ఆ వెసులుబాటు లేదు.

స్వరకర్త: కార్డులు అందుకే. ఆమె ‘వస్తాడు’ అని పాడుతున్న క్షణంలోనే, రాడని వెనుక వాద్యాలు చెప్పగలవు. ఒకే గొంతు, ఒకే రాగం ఉన్నచోట ఆ రెండో మాటకు చోటెక్కడ? అయినా పరాయి వాద్యమని దూరం పెట్టి ఉంటే, విశాఖలో పెరిగిన ద్వారం వేంకటస్వామి నాయుడుగారి వయొలిన్ మనకు దక్కేదా?

మేష్టారు: వయొలిన్ మన దగ్గరకు వచ్చి శ్రుతి మార్చుకుంది, నేలమీద కూర్చుంది, విద్వాంసుడి పాదం మీద తల ఆనించింది. నీ సెల్లో కుర్చీ దిగదు.

స్వరకర్త: దిగనక్కరలేదండీ, దానికి మెట్లు లేవు, వేలు జారుతుంది. గాంధారం ఊగుతున్నంతసేపు ఊగని స, ప స్వరాలు, షడ్జ పంచమాలే పట్టుకోమంటాను. గొంతు ఆగాకే కార్డు వస్తుంది.

మేష్టారు: ఆగాక వస్తే అది జవాబు అవుతుంది. నువ్వు కోరింది రెండు మాటలూ ఒకేసారి కదా?

స్వరకర్త: అవునండీ, అది పోతుంది. అయితే చివరి ‘వస్తాడు’ దగ్గర మాత్రం కార్డును గొంతు కిందే ఉంచుతాను. అక్కడ ఆమె గాంధారం తప్పుగానే వినిపించాలి.

మేష్టారు: పాడటం రాదని జనం అనుకుంటే?

స్వరకర్త: అప్పటిదాకా అరగంట సేపు ఆమె తోడి విని ఉంటారు కదండీ.

మేష్టారు: (మూసిన పెట్టె మళ్లీ తెరిచి) ఆ ఒక్కచోటే పాడించు, వింటాను. ఒప్పుకున్నానని మాత్రం అనుకోకు.