సబర్మతి ఫొటో పెట్టి మూసీ లెక్క దాటేస్తే ఎలా?

అపార్ట్‌మెంట్ గ్రూపు, కాలేజీ గ్రూపు, చుట్టాల గ్రూపు, ఎక్కడ చూసినా అదే మెసేజ్. పైన అహ్మదాబాద్ సబర్మతి ఒడ్డు, సియోల్ వాగు, లండన్ థేమ్స్ ఫొటోలు. కింద అయిదు పాయింట్లు. రెండు పక్కలా గోడ కడితే హైదరాబాద్ మూసీ బాగుపడుతుందట. గోదావరి నీళ్లు వదిలితే మురుగు కొట్టుకుపోతుందట. జంట జలాశయాలు (ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్) ఉన్నాయి గనక వరద భయం లేదట, నదిని కాస్త కుదించి వచ్చిన భూమి అమ్మితే ఖర్చంతా తిరిగొస్తుందట. ప్రపంచమంతా ఇలాగే చేసిందట. కాదనేవాళ్లందరూ కబ్జాదారులట. పంపేవాళ్లు చదువుకున్నవాళ్లే కాబట్టి వదిలేయడానికి మనసొప్పడం లేదు.

గోడ సంగతి చూద్దాం. మూసీకి గోడ కొత్త కాదు. 1908 వరద తర్వాత ఊరు మళ్లీ కట్టుకునేటప్పుడు వేసిన రాతిగోడలు ఇప్పటికీ ఉన్నాయి. ఒక పక్క హైకోర్టు, ఎదురుగా ఉస్మానియా ఆసుపత్రి. నయాపూల్ మీద నిలబడి కిందికి చూడండి. గోడా ఉంది, నల్లటి నీళ్లూ ఉన్నాయి. గోడ కడితే నది బాగుపడేదైతే మూసీ ఎప్పుడో బాగుపడాలి. మురుగు ఒడ్డు మీంచి రాదు, నాలా నోట్లోంచి వస్తుంది.

ఇక గోదావరి నీళ్లు. హైదరాబాద్‌కి తాగునీళ్లు తెచ్చే గోదావరి రెండో దశ పథకంలో 20 టీఎంసీల్లో మూసీ కోసం అనుకున్నది 2.5 టీఎంసీలు. ఏడాదికి పంచితే రోజుకి సుమారు 19 కోట్ల లీటర్లు. ఔటర్ రింగ్ రోడ్డు లోపల రోజూ పుట్టే మురుగు సుమారు 195 కోట్ల లీటర్లు. శుద్ధి కానంత కాలం, పది బిందెల మురుగులో ఒక బిందె గోదావరి పోసినట్టు. పోనీ కొట్టుకుపోతుందనే అనుకుందాం. ఎక్కడికి? మూసీ ఔటర్ దగ్గర ఆగిపోదు. భువనగిరి, నల్గొండ, సూర్యాపేట పొలాల మీదుగా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. దారి పొడుగునా కత్వల (చిన్న ఆనకట్టల) కింద, మూసీ ప్రాజెక్టు కింద రైతులు ఈ నీళ్లతోనే వరి వేస్తున్నారు. మన కంటికి కనిపించకపోతే చాలు, వాళ్ల కాలువలోకి పోయినా ఫర్వాలేదా?

సబర్మతి ఫొటోలో దాచింది కూడా ఇదే. ఆ నీలం నీళ్లు నర్మదా కాలువ నుంచి వదిలి, వాస్నా బరాజ్ దగ్గర ఆపి ఉంచినవి. బరాజ్ దాటి కిందికి వెళితే మురుగు, ఫ్యాక్టరీల వ్యర్థాలు. ఆ కాలుష్యం మీద 2021లో గుజరాత్ హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టాల్సి వచ్చింది. ఆ సగం ఫొటో మెసేజ్‌లో ఎందుకు లేదు?

ఇప్పుడు అన్నిటికన్నా ప్రమాదమైన మూడో పాయింట్: "వరద భయం లేదు, నదిని కుదించొచ్చు." ఇది రాసినవాళ్లకి జలాశయం ఎలా పనిచేస్తుందో తెలియదు. విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడమే వాటి మొదటి పని. కానీ జలాశయం వరదను ఆపాలంటే లోపల ఖాళీ ఉండాలి. తాగునీటి కోసం నింపి పెట్టుకుంటాం, సెప్టెంబరు వచ్చేసరికి నిండుగా ఉంటాయి. ఆ సమయంలో వికారాబాద్ వైపు గట్టి వాన పడితే వచ్చిన నీళ్లు వచ్చినట్టే కిందికి వదలాలి. ఉస్మాన్‌సాగర్‌కి 15, హిమాయత్‌సాగర్‌కి 17 గేట్లు ఉన్నది అందుకే. 2025 సెప్టెంబర్ 26 రాత్రి జరిగింది అదే. గేట్లెత్తారు, ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకి నీళ్లొచ్చాయి, ప్రయాణికులు లోపల చిక్కుకుపోయారు. ఆ బస్టాండ్ కట్టింది నది మధ్యలో. అంటే మెసేజ్ చెబుతున్న పని ఒకచోట చేసి చూశాం, ఫలితం వీడియోల్లో అందరం చూశాం. అది చూశాక కూడా అదే నోటితో భయం లేదంటారా?

పైగా జలాశయాల కింద, ఊళ్లోనే పడే వాన సంగతేంటి? 2020 అక్టోబర్‌లో పల్లె చెరువు, గుర్రం చెరువు తెగి కాలనీలు మునిగాయి. హుస్సేన్‌సాగర్ అలుగు నీళ్లు వచ్చి కలిసేది కూడా మూసీలోనే. వీటిలో ఏ ఒక్కదాన్నీ గండిపేట (ఉస్మాన్‌సాగర్) ఆపలేదు.

కుదించడం అంటే ఏమవుతుందో విడమరిచి చెప్తాను. వాలు, అడుగు గరుకు మారకుండా నది వెడల్పులో మూడో వంతు తీసేస్తే, అదే వరదకి లోతు పాతిక శాతానికి పైగా పెరుగుతుంది. మామూలు వరదకి నాలుగు మీటర్లు లేచే చోట అయిదు లేస్తుంది. గోడ ఎత్తు పెంచుకుంటాం అంటారు. పెంచండి, మరి నాలాలో? నదిలో మట్టం నాలా నోటికన్నా పైకి లేస్తే నాలా నీళ్లు నదిలోకి పోవు, వెనక్కి తంతాయి. గోడ వెనక ఉన్న కాలనీలు నది పొంగకుండానే మునుగుతాయి. నోటికి తలుపు బిగిస్తే నది నీళ్లు లోపలికి రావు, నిజమే, కానీ నాలా నీళ్లు బయటికీ పోవు. పంపులు కావాలి, వాటికి కరెంటు పోని జనరేటర్ కావాలి. ఆ తలుపు సందులో ఒక్క పాత పరుపు ఇరుక్కున్నా మూసుకోదు. ఇన్ని ఖర్చులు పుట్టించే భూమిని "ఉచితంగా వచ్చే భూమి" అంటున్నారు. సబర్మతిలో ఒడ్డు పూడ్చి సుమారు 200 హెక్టార్లు తీశారు. అందులో అమ్మకానికి పెట్టుకున్నది దాదాపు 14 శాతమే, మిగతాదంతా రోడ్లు, పార్కులు. ఈ విషయంలో వాళ్లని మెచ్చుకోవాలి. అమ్మి ఖర్చంతా రాబడదాం అనే మన మెసేజ్‌కి మాత్రం అది ఉదాహరణ కాదు.

సియోల్, లండన్ త్వరగా తేల్చేద్దాం. సియోల్‌లో 2005లో తెరిచిన ఆ వాగు 5.8 కిలోమీటర్లు. ప్రధానంగా హాన్ నది నుంచి రోజుకి లక్షా ఇరవై వేల టన్నుల నీళ్లు తోడి పోస్తారు, మురుగుకి విడిగా పైపులున్నాయి. మన పని సుమారు 55 కిలోమీటర్లు. లండన్‌లో ఫొటోకి దిగే విక్టోరియా ఎంబాంక్‌మెంట్ (ఒడ్డు కట్ట) లోపల ఉన్నదే మురుగు సొరంగం. ముందు మురుగు, దాని మీద రోడ్డు. అదీ చాలక వానల్లో పొంగే మురుగు కోసం మళ్లీ 25 కిలోమీటర్ల సొరంగం తవ్వి, 2025లో మొత్తం కలిపారు. పడవలు, నైట్ బజార్, ఫ్లాట్ల రేట్ల మీద మాట్లాడేదేమీ లేదు. కంపు పోయాక అవి వాటంతటవే వస్తాయి.

మరి చేయాల్సిందేమిటి? అంబర్‌పేటలో 33.9 కోట్ల లీటర్లది, నాగోల్‌లో 17.2 కోట్ల లీటర్లది, ఇలా పాత మురుగు శుద్ధి ప్లాంట్లన్నీ కలిపితే రోజుకి 77 కోట్ల లీటర్ల సామర్థ్యం. తర్వాత రూ.3,866 కోట్లతో మంజూరైన 31 ప్లాంట్లది సుమారు 126 కోట్లు. కూడితే 203 కోట్లు, పుట్టే మురుగు కన్నా ఎక్కువే. కాగితం మీద సమస్య తీరిపోయింది. తీరనిది ప్లాంటు దాకా మురుగు చేర్చడం. ప్రతి నాలా నోటి దగ్గరా ఒక చిన్న అడ్డుగోడ, ముందు ఇనప జాలీ, ఇసుక దిగే గుంట, అక్కడి నుంచి ఒడ్డు వెంట పెద్ద పైపు. వాన లేని రోజుల ప్రవాహం మొత్తం పైపులోకి పోవాలి, వాన నీళ్లు మాత్రమే అడ్డుగోడ దాటాలి. జాలీ రోజూ గీకకపోతే ప్లాస్టిక్ సంచులు పట్టేసి మురుగంతా గోడ దూకుతుంది. రాత్రిపూట ట్యాంకర్లతో రసాయనాలు నాలాలో పోస్తే ప్లాంటులో మురుగును తినే బాక్టీరియా చస్తుంది, మళ్లీ కుదురుకునేదాకా నీళ్లు శుద్ధి కాకుండానే పోతాయి. కాపలా పెట్టాల్సింది అక్కడ. ఇవన్నీ సరిగ్గా చేస్తే శుద్ధి అయిన ఆ నీళ్లే దాదాపు 800 క్యూసెక్కులు, ఏడాది పొడుగునా. అప్పుడు 2.5 టీఎంసీల గోదావరి నీళ్లు తాగడానికే ఉంచుకోవచ్చు.

అయిదో పాయింట్‌లో ఒక మాట మాత్రం ఒప్పుకుంటాను. నది గర్భంలో ఉన్న ఇళ్లు అక్కడ ఉండకూడదు. సెప్టెంబర్ వరద రాత్రి చాదర్‌ఘాట్ వైపు చూసినవాళ్లెవరూ ఉండాలనరు. వాళ్లని అలాగే ఉండనివ్వమనడం కూడా వాళ్ల మేలు కోరడం కాదు. కానీ 2024లో ముందు ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ (నది గర్భంలో ఉంది, తీసేయాలి అనే గుర్తు) అని రాసి, తర్వాత మాట్లాడటం మొదలుపెట్టారు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకి, ఆటో నడిపేవాళ్లకి ఊరవతల డబుల్ బెడ్‌రూం ఇస్తే పని పోతుంది, చదువుల మధ్యలో తరలిస్తే పిల్లల బడి పోతుంది. బస్సు దిగితే పాత పనికి చేరగలిగే దూరంలో ఇల్లు చూపించి, బడి సంవత్సరం ముగిశాక కదిలించండి. వీళ్లని కబ్జాదారులని రాసి పంపినవాళ్లు ఒక్కసారి ఆ ఇళ్లకి వెళ్లి మాట్లాడాలి.

ఒడ్డు వెంట నడిచే దారి కావాలన్నదీ సరైనదే. మనుషులు తిరగని ఒడ్డు మీదే రాత్రిళ్లు శిథిలాల లారీలు దింపుతారు, దారి లేకపోతే పూడిక తీసే జేసీబీ దిగలేదు. కాబట్టి దారి వేయండి, ఒడ్డు వెంట కట్టడాలు లేకుండా వదలాల్సిన 50 మీటర్ల బఫర్‌లో మట్టి దారిగా, వరదొస్తే మునిగి లేచేలా. జలాశయాల నుంచి, వాటి కింది రెండు పాయలు కలిసే బాపూఘాట్ దాకా ఉన్న మొదటి ముక్కలోనే నాలాలన్నీ పైపులోకి మళ్లించి, ఒక ఎండాకాలం, ఒక వానాకాలం నడిపి, బాపూఘాట్ దగ్గర నీటి పరీక్ష ఫలితాలు ప్రతి వారం బోర్డు మీద రాయండి. అవి బాగుంటే నయాపూల్ వైపు కదలండి.